ఉప్పు లేని పదమూడు దినాలు

మా అమ్మ పోయినప్పుడు నా మీత్ పోగొట్టుకున్నవి ఇవి. తల మీది వెంట్రుకలు, మీసం, రెండు కనుబొమ్మలు. రెండు రోజుల జీతం, మూడో రోజు ఆ ఉద్యోగం. ఉద్యోగంతో పాటు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చిన యూనిఫాం రెండు జతలు, తోలు బెల్టు ఒకటి, బూట్లు ఒక జత, టార్చిలైటు, ఈల. ఒంట్లో మూడున్నర కిలోలు. ఈ చివరిది ఉజ్జాయింపు కాదు. దసరా పూజ రోజు సరదాకు మా కార్ఖానాలో నూలు తూచే కాంటా మీద నిలబడితే అరవై ఒకటి ఉన్నాడు. మా అమ్మ దినాలు అయ్యాక అదే కాంటా మీద నిలబెట్టి నేనే తూచాను. యాభై ఏడున్నర.

మా అమ్మను అతను ఒక్కసారి కూడా చూడలేదు.

అతనిది నేపాల్. పడమటి కొండల్లో, బస్సు దిగాక ఇంకా ఒక పూట నడవాల్సిన ఊరు. నాది జగిత్యాల పక్క పల్లె. ఇద్దరం మరమగ్గాల ఊరు భివండీలో టెంఘర్‌లో ఒకే చాల్‌లో పక్కపక్క గదుల్లో ఉంటాం. ఆ చాల్‌లో గదులు పదకొండు. తొమ్మిదింట్లో మా తెలంగాణ వాళ్లు, ఒకదాంట్లో యూపీ కుటుంబం, ఒకదాంట్లో అతను. అతనికీ మాకూ మధ్య గోడ ఒక ఇటుక మందం. అతను దగ్గితే అతను తిన్నాడో లేదో నా భార్య చెప్పేది. మా ఇంట్లో మాటలు వినీ వినీ నాలుగేళ్లలో అతనికి మా తెలుగు వచ్చేసింది. మేము కొట్లాడుకున్న మర్నాడు ఎవరిది న్యాయమో కూడా చెప్పేవాడు. ఎక్కువసార్లు నా భార్యదే.

నేను ఇరవై నాలుగు సాంచాలున్న ఒక కార్ఖానాలో మెహతాను. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. మెహతా అంటే లెక్కలు చూసేవాడు. నాలుగో తరగతితో బడి మానేసి పన్నెండేళ్లు సాంచాలే నడిపాను. ఇన్ని పోగులు, ఇంత వెడల్పు పన్నా, ఇన్ని మీటర్లు అంటే నూలు ఎన్ని కిలోలు కావాలో ఎవరూ నేర్పలేదు. సాంచాల మధ్య నిలబడి సిగరెట్ డబ్బాల అట్టల మీద గీసుకుంటూ నేనే పట్టాను. అలా పట్టినవాడికి ఒక రోగం ఉంటుంది. కనపడినదల్లా లెక్కపెడతాడు. నాకు ఇప్పుడు యాభై రెండేళ్లు. మా గది నుంచి కార్ఖానాకు ఎన్ని అడుగులో చెప్పగలను, చెప్పి మిమ్మల్ని విసిగించను.

మీత్ అంటే వాళ్ల దగ్గర ఒక ఆచారం. కులం వేరైనా, ఊరు వేరైనా, దేశం వేరైనా ఇద్దరు మనుషులు మీత్ కట్టుకుంటే ఇక వాళ్లు అన్నదమ్ములే. ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అందుకే ఇందులో అతని పేరు రాయడం లేదు. నా పేరు రాసుకోవడమూ బాగుండదు.

మేము కట్టుకున్నది ఒక దసరా నాడు. మా దసరా, వాళ్ల దశైన్ ఒకే రోజు వస్తాయని చాల్‌లో ఉండబట్టే తెలిసింది. ఆ రోజు మేము అతనికి జమ్మి ఆకు ఇచ్చి బంగారం అంటాం. అతను బియ్యం, పెరుగు, ఎర్ర రంగు కలిపి మా నుదుటి మీద పెద్ద బొట్టు పెడతాడు. అది ఎండి రాలిపోయేదాకా తుడవకూడదంటాడు. ఆ ఏడు అతను బొట్టు పెడుతూ నా ముఖంలోకి చూసి, ‘మనిద్దరికీ ఒకటే వయసు, ఒకటే లెక్క బట్టతల. మీత్ కట్టుకుందామా’ అన్నాడు. నేను సరే అన్నాను. మా పక్కనే అంజూర్ ఫాటాలో వంటపని చేసే ఒక నేపాలీ పెద్దాయన వచ్చి నాలుగు మంత్రాలు చదివాడు. ఒకరి టోపీ ఒకరం పెట్టుకున్నాం. నాకు టోపీ లేదు కనుక తువ్వాల ఇచ్చాను. ఒక రూపాయి బిళ్ల మార్చుకున్నాం. అతనిచ్చింది నేపాల్ రూపాయి.

నా నోరు ఊరుకోలేదు. ‘మా వందకు మీది నూట అరవై. నువ్వు నాకు ఇంకా అరవై పైసలు బాకీ’ అన్నాను.

‘మీత్, ఈ ఒక్క కాడ లెక్క పెట్టకు’ అని నవ్వాడు.

గుమ్మం దగ్గర మా చాల్ పెద్ద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నాకు వరసకు మామ. నలభై ఏళ్లుగా సాంచాల మోతలో ఉండి గట్టిగా తప్ప మాట్లాడలేడు.

‘ఏం అల్లుడా, నేపాల్ తోటి ఒప్పందం చేసుకుంటున్నవట. ఢిల్లీకి చెప్పినవా?’

‘సాయంత్రం చెప్త మామా.’

‘షరతులు ఏందో సదివినవా మరి? సంతకం పెట్టినంక ఏడిస్తే నేను రాను.’

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిజానికి అడగాల్సిన మాట ఆయన ఒక్కడే అడిగాడు. నూలు ఎంత సన్నమో చెప్పే కౌంటు అడగకుండా ఒక్క కిలో కూడా కొనని మనిషిని నేను. మీత్ కట్టుకుంటే ఏమేమి చేయాలో మాత్రం అడగలేదు. పండగ పూట చేసే ముచ్చట అనుకున్నాను.

ఆ మరుసటి సంవత్సరం మా అమ్మ పోయింది. పొద్దున ఫోన్ వచ్చింది. నేను, నా భార్య, మా బిడ్డ బయలుదేరి ఊరికి పోయాం. అతను అప్పుడు అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాములో పగటి వాచ్‌మన్. డ్యూటీలో ఉన్నాడు కనుక బస్సులోంచి ఫోన్ చేసి చెప్పాను. ఎప్పుడు పోయిందని అడిగాడు. తర్వాత ‘నువ్వు పో మీత్, ఇక్కడ నేను చూసుకుంట’ అన్నాడు. గదికి తాళం సంగతి అంటున్నాడనుకున్నాను.

పదకొండు రోజులు ఊళ్లో చేయాల్సినవి చేసి, పదమూడో రోజు మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం. అతని గది తలుపు తీసి ఉంది. నేల మీద చాప. దాని మీద కుట్టు లేని తెల్లబట్ట చుట్టుకుని గుండుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు లేకపోతే మనిషి ముఖం ఎంత మారిపోతుందో అప్పుడే చూశాను. ఎవరో చుట్టం వచ్చాడనుకుని, ‘మా మీత్ ఎక్కడ’ అని అడిగాను.

‘ఇక్కడనే ఉన్న’ అన్నాడు.

పక్క గది ఆమె వచ్చి అంతా చెప్పింది. మీత్ తల్లి పోతే సొంత కొడుకులా దినాలు కూర్చోవాలట. పదమూడు రోజులు ఒక్క పూటే తిన్నాడు. తానే వండుకున్నాడు. అన్నం, నెయ్యి, అంతే. ఉప్పు లేదు, పప్పు లేదు. ఎవరినీ తాకలేదు. తోలు తగలకూడదని బెల్టు, బూట్లు వేసుకోలేదు. కుట్టిన బట్ట కూడదని యూనిఫాం వేసుకోలేదు. గోదాము వాళ్లు రెండు రోజులు ఆగారు, మూడో రోజు ఇంకొకరిని పెట్టుకున్నారు. నేను వాళ్లను తప్పు పట్టను. ఎవరి తల్లి పోయిందని అడిగితే ఇతను నా మీత్ తల్లి అన్నాడట. అది వాళ్లకు ఏ కాగితంలో దొరుకుతుంది?

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ‘ఎవరు కూర్చోమన్నరు నిన్ను?’ అన్నాను.

‘ఎవరనాలె? అమ్మ పోయింది గదా.’

‘నీ అమ్మ కాదు గదా.’

నా భార్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అతను మాత్రం మామూలుగానే అన్నాడు. ‘గట్ల అనేది ఉంటే మొదటి దినం అనాలె మీత్. పదమూడు అయినంక అంటే ఏం లాభం?’

నేను ఇంట్లోకి పోయి సంచులు దించాను. మా ఊళ్లో మా సొంత వాళ్లే మూడో రోజుకు పొలం పనులకు పోయారు. ఇక్కడ ఈ మనిషి ఒక్కడూ, చూసేవాళ్లు కూడా లేకుండా, పదమూడు లెక్కపెట్టాడు. సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోయి కాంటా మీద నిలబెట్టింది అందుకే. నాకు ఏదైనా ఒక అంకె కావాలి. మనిషి చేసిన మంచిని తూచడానికి నా దగ్గర వేరే సాధనం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాను. ‘మీ అమ్మకు నేను కూర్చుంట. పదమూడు దినాలు. ఇది మాట.’

‘మా అమ్మ మంచిగనే ఉంది మీత్. డెబ్బై నాలుగేండ్లు, గడ్డి మోపు మోసుకొస్తది.’

ఇంట్లో ఇది విని నా భార్య నెత్తి కొట్టుకుంది. ‘సల్లగ బతికున్న మనిషికి దినాలు బాకీ పెడతవా? గా నోట్లె లెక్క తప్ప ఇంకోటి లేదా నీకు?’

సేటుతో మాట్లాడి అతనికి మా కార్ఖానాలోనే తాకాలు మడతపెట్టే పని ఇప్పించాను. సాంచా మీద నేసిన గుడ్డ చుట్టలుగా దిగుతుంది. ఒక్కో చుట్టను తాకా అంటాం. దాన్ని బల్ల మీద మీటరు మీటరుగా మడతేసి లెక్కకట్టాలి. అతను తన భాషలో లెక్కపెట్టేవాడు. ఏక్, దుయి, తీన్. నేను రోజుకు రెండు తాకాలు విప్పి మళ్లీ కొలిచేవాడిని. ఒక్కసారి కూడా తేడా రాలేదు. నాలుగు నెలల తర్వాత కొలవడం మానేశాను.

వాళ్ల అమ్మతో నేను మాట్లాడేవాడిని. కొండ మీద సిగ్నల్ తక్కువ, ముఖం కనపడదు, గొంతు మాత్రం వచ్చేది. వారానికి ఒకసారి కొడుకుతో మాట్లాడాక ఫోన్ నాకు ఇమ్మనేది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఒక్క మాట మాత్రం ప్రతిసారీ ఉండేది. ‘భాత్ ఖాయౌ?’ అన్నం తిన్నావా అని. ‘తిన్న అమ్మా’ అనేవాడిని. ఇంకేదో చాలాసేపు చెప్పేది. నేను ‘ఆ, ఆ’ అనేవాడిని. ఆమె చెప్పేదేమిటని అతన్ని ఒకసారి అడిగాను. గేదె ఈనిన సంగతి అన్నాడు.

లాక్‌డౌన్ ఏడు సాంచాలన్నీ ఆగిపోయాయి. టెంఘర్‌లో మోత లేకుండా ఉండడం మేమెవరం ఎరగం. మొదటి వారం ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. నూలు సగంలో ఉండగానే, గుడ్డ సగంలో ఉండగానే అన్నీ అలాగే నిలిచిపోయాయి. కార్ఖానా తాళం నా దగ్గరే ఉంది. ఎండలు ముదిరాక అతనికి ఊరి నుంచి కబురు వచ్చింది. అమ్మకు ఆయాసం, మంచం పట్టింది. రైళ్లు లేవు. అంజూర్ ఫాటాలో ఖాళీగా వెనక్కి పోతున్న ఒక లారీ అతన్ని ఉత్తరాదికి ఎక్కించుకుంది. పోయేటప్పుడు గది తాళంచెవి మా బిడ్డ చేతిలో పెట్టి, ‘అమ్మను చూసుకుని వస్త’ అన్నాడు. నా భార్య పదహారు జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది.

బన్‌బసా దాకా చేరాడు. అక్కడ నది, నది మీద వంతెన. అవతల వాళ్ల దేశం. ‘మన రెండు దేశాల మధ్య గేటు కూడా పెద్దగ ఉండదు మీత్, చేతిల సంచి పట్టుకుని నడుసుకుంట పోవుడే’ అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆ వంతెన ఆ ఏడు మూసి ఉంది. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు ఆగిపోయారు. ఇతన్ని ఇవతలి ఒడ్డున ఒక బడిలో ఉంచారు. ఒక్కో హాలులో నలభై మంది. అందరికీ ఒకటే వంట.

ఐదో రోజు మా బిడ్డ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దాని చదువు మరాఠీ బడిలో. కంగారు పడితే అదే భాష వస్తుంది. ‘బాపూ, కాకా రడతోయ్. నువ్వే మాట్లాడు, నాకు సమజైతలేదు’ అంది. ఏడుస్తున్నాడు అని.

అమ్మ పోయింది. దాయాది ఒకాయన నిప్పు పెడతాడు. కూర్చోవాల్సింది మాత్రం కొడుకు. ఇతను ఒక్కడే కొడుకు.

‘ఇక్కడ ఎట్ల కూసుంట మీత్? క్షవరం చేసేటోడు లేడు. పొయ్యి లేదు. అందరికీ పెట్టిన కిచిడీ నాకూ పెడుతున్నరు, దాంట్ల ఉప్పు. ఒకరి మీద ఒకరం పండుకుంటున్నం. రేపు ఊరికి పోతే మా పెద్దోళ్లు అడుగుతరు. అమ్మకు ఎవరు కూసున్నరు అని. ఏం చెప్పాలె?’

‘నేను కూసుంటున్న అని చెప్పు’ అన్నాను.

‘పూర్తిగనా?’ అన్నాడు.

‘పదమూడు.’

మంగలి దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. గుమ్మంలో కూర్చోబెట్టి నా భార్యే, కార్ఖానాలో దారాలు కత్తిరించే కత్తెరతో ముందు జుట్టు తీసి, తర్వాత బ్లేడుతో గీసింది. కనుబొమ్మల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

‘ఇవి గూడనా?’

‘అతను నిలుపుకున్నడా?’

నా గడ్డం పట్టుకుని, ఊపిరి బిగపట్టి గీసింది. రెండు చోట్ల తెగింది.

కుట్టు లేని తెల్లబట్ట కావాలి, బట్టల దుకాణాలు లేవు. సేటుకు ఫోన్ చేశాను. మా తెలుగాయనే. సాంచా మీద ఆగిపోయిన కోరా గుడ్డలోంచి ఐదు మీటర్లు కోసుకోనా అని అడిగాను. ‘ఇరవై ఏండ్లల్ల నువ్వు నన్ను అడిగిన మొదటి గుడ్డ. కోసుకో’ అన్నాడు. చీకటిగా ఉన్న కార్ఖానాలో పదిహేడో నంబరు సాంచా నుంచి కోసి తెచ్చుకున్నాను. గంజి వాసన పోలేదు. ఒంటికి గరుకుగా ఉండేది.

అతని గదిలో అతని చాప మీదే కూర్చున్నాను. రోజూ పొద్దున తలస్నానం, తర్వాత ఫోన్. ఆ బడిలోనే ఆగిపోయిన వాళ్ల పెద్దమనిషి ఒకాయన మంత్రం చెబుతుంటే అతను వరండాలో నిలబడి వినేవాడు, నేను ఇక్కడ పిండం పెట్టి నువ్వులు, నీళ్లు వదిలేవాడిని. మంత్రంలో నా గోత్రం చెప్పాలో అతనిది చెప్పాలో ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు. చివరికి రెండూ చెప్పించాడు. తర్వాత నేను ఒక్క పూట వండుకునేవాడిని. అన్నం, నెయ్యి. ఉప్పు లేని అన్నం మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండో రోజు దిగింది.

ఆ వారమే టీవీల్లో రెండు దేశాల పటాల మీద పేచీ నడుస్తోంది. ఎక్కడిదాకా ఎవరి నేల అని. మామ గుమ్మానికి ఆరడుగుల దూరంలో స్టూలు వేసుకుని నాకు వార్తలు చెప్పేవాడు.

‘అల్లుడా, అటోళ్లు కొత్త పటం గీసిన్రట. మనోళ్లు కుదరదన్నరట. నువ్వేమో ఈడ గుండుతోని కూసున్నవు. నిన్ను ఏ దిక్కు లెక్కెయ్యాలె?’

‘పదమూడు దినాలు అటు దిక్కు ఏసుకో మామా. పద్నాలుగో నాడు ఇటు వస్త.’

‘వీసా గిట్ల అవసరం లేదా?’

‘ఉప్పు మానేస్తే సాలు.’

ఆయన నవ్వలేదు. కాసేపటికి తన ఇంట్లోంచి ఒక చిన్న గిన్నెలో నెయ్యి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోయాడు. అప్పుడు నెయ్యి దొరకడం ఎంత కష్టమో చాల్‌లో అందరికీ తెలుసు.

ఐదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. ఆ జ్వరం పేరు ఆ రోజుల్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. లేచి పొయ్యి వెలిగించలేకపోయాను. ఇంకొకరు వండితే తినొచ్చా అని అతన్ని అడిగాను. ఫోన్‌లో పక్కనున్న పెద్దమనిషిని కనుక్కుని, ‘జ్వరమైతే మీతినీ వండొచ్చు, రెండు పూటల గంజి తాగొచ్చు. ఉప్పు ఒక్కటి వద్దు’ అన్నాడు. మీతినీ అంటే మీత్ భార్య. ఆమెను అతను అలాగే పిలుస్తాడు.

అలా నా భార్య గంజి కాచి, గిన్నె గుమ్మం లోపలికి తోసి, నేను తాగేదాకా బయట కూర్చునేది. నోటికి ఏ రుచీ లేదు. నీళ్లు, గంజి, నెయ్యి అన్నీ ఒకటే. ఉప్పు మానేసిన నోరు ఇలాగే ఉంటుంది కాబోలు, అతనూ మా అమ్మ కోసం ఇదే పడ్డాడు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడంలో కొంత తృప్తి కూడా ఉండేది. తొమ్మిదో రోజు సాయంత్రానికి జ్వరం తగ్గింది. పదో రోజు నుంచి మళ్లీ నేనే వండుకున్నాను. పదమూడో రోజు స్నానం చేసి, కోరా గుడ్డ విప్పి, చొక్కా తొడుక్కుని, అతనికి ఫోన్ చేసి ‘అయింది’ అన్నాను. అతను ఫోన్ తెర మీద కిందికి వంగి నేల మీద తల ఆనించాడు. బడి వరండా గచ్చు, దాని మీద అతని జుట్టున్న తల. నాకు సిగ్గేసి ఫోన్ బోర్లించాను.

తర్వాత కొద్ది రోజులకు వంతెన తెరిచారు. అతను ఊరు చేరాడు.

మళ్లీ వచ్చింది ఏడాది దాటాక, అమ్మ సంవత్సరీకం చేసుకుని. సాంచాలు నడుస్తున్నాయి. వచ్చిన రోజు మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. మేం నలుగురం కింద కూర్చున్నాం. తింటూ తింటూ చెప్పాడు.

‘పెద్దోళ్లు కూసోబెట్టి అడిగిన్రు మీత్. ఎవరు కూసున్నరు అని. భివండీల నా మీత్ అన్న. హిందుస్తానోడా అన్నరు. అవునన్న. ఎన్ని దినాలు? పదమూడు. ఉప్పు? ముట్టలేదు అన్న. ఒకాయన నమ్మలే. నీ ఫోటో సూపిచ్చిన, కనుబొమ్మలు లేనిది. అప్పుడు అన్నడు, సరే, అమ్మ లెక్క నిండింది, సంవత్సరీకం చేసుకో అని. లేకపోతే సెయ్యనిచ్చేటోళ్లు కాదు.’

నా భార్య లేచి చెయ్యి కడుక్కుంది. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

‘అన్నా, పదమూడు నిండలే.’

మేమిద్దరం ఆమె వైపు చూశాం.

‘జ్వరమొచ్చిన నాలుగు దినాలు గంజిల నేను ఉప్పేసిన. ఈయనకు తెల్వది. సెమటలు వట్టి, కండ్లు లోపటికి పోయినయి. డాక్టరు రాడు, దవాఖానల జాగ లేదు. ఉప్పు లేకపోతే మనిషి పోతడేమో అని భయమైంది. ఆగలేకపోయిన. మీ అమ్మ తాన తప్పు నాది. ఈయనది కాదు.’

గంజికి రుచి లేకపోవడం ఉప్పు లేక కాదని, నా నాలుకే పోయిందని అప్పుడు తెలిసింది. నాలుగు రోజులు నా చేతుల్లో నుంచి పోయాయి. నా లెక్క మీద ఆ మనిషి ఊరి పెద్దల ముందు నిలబడి మాట ఇచ్చి వచ్చాడు. ఇరవై ఏళ్లలో సేటుకు ఒక్క మీటరు తప్పు చూపించని వాడిని, నా అనుకున్నవాడికి నాలుగు రోజులు తప్పు చూపించాను.

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టాడు. తర్వాత అడిగాడు.

‘ఎంత ఏసినవ్ మీతినీ?’

‘చిటికెడు. పొద్దున చిటికెడు, మాపటికి చిటికెడు.’

‘మస్తు తక్కువేసినవ్’ అన్నాడు. ‘మా అమ్మ ఐతే పిడికెడు ఏసేది.’

ఆమె అప్పుడు ఏడ్చింది. అతను తన కంచంలోని అన్నం మీద ఇంకొంచెం ఉప్పు చల్లుకుని తినడం మొదలుపెట్టాడు. మా బిడ్డ నా వైపు, అతని వైపు చూసి, ‘కాకా, మీ ఊళ్లె ఇప్పుడు ఏమంటరు?’ అంది.

‘మా ఊరు కొండ మీద ఉంది. నేను చెప్పకపోతే వాళ్లకెట్ల తెలుస్తది? అమ్మకైతే తెలుసు. ఆమె అడిగేది ఒక్కటే గదా, తిన్నవా అని.’

అతనికి అక్కడితో అయిపోయింది. నాకు కాలేదు. భోజనాలయ్యాక అతని గదికి పోయాను. ‘రేపటి నుంచి మిగిలిన నాలుగు దినాలు కూసుంట. గుడ్డ దాచిపెట్టిన’ అన్నాను.

‘కుదరదు మీత్.’

‘ఎందుకు కుదరదు?’

‘అమ్మ దినాలు అయిపోయినయి, సంవత్సరీకం అయిపోయింది. ఇప్పుడు ఉప్పు మానేసి కూసుంటే ఎవరికని కూసుంటవ్? మీ అమ్మ లేదు, మా అమ్మ లేదు. మనకు ఇంకెవరున్నరు? నేనో, నువ్వో.’ చాప దులిపి పరుస్తూ మామూలుగా అన్నాడు. ‘నువ్వు గా నాలుగు కట్టాలంటే నేను పోవాలె. అప్పుడు పదమూడు మీద నాలుగు కలిపి పదిహేడు కూసో. సరేనా?’

అతను బాగా మడతేసిన గుడ్డలా చాప అంచులు సరిచేసి, దాని మీద నాకు చోటు చూపించాడు. ఇద్దరం పడుకున్నాం. ఆ గది పైకప్పు రేకులు తొమ్మిది. గోడ అవతల మా ఇంట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అది జరిగి కొన్నేళ్లయింది. అతను ఇప్పటికీ తాకాలు మడతపెడుతున్నాడు. నా కన్నా గట్టిగా ఉన్నాడు. మొన్న దసరాకు కాంటా మీద అరవై మూడు తూగాడు. నేను తూచే ముందు కళ్లు మూసుకుంటాను, అంకె తగ్గలేదని అతను చెప్పాకే తెరుస్తాను. నా జీవితంలో తీర్చడానికి నాకు తొందర లేని బాకీ ఇది ఒక్కటే.

అయినా లెక్క లెక్కే. అతన్ని అడిగితే ఏమీ లేదంటాడు. నా భార్యను అడిగితే నాలుగు దినాలంటుంది, అవీ నావి కావు, తనవి అంటుంది. వాళ్లిద్దరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది. వాళ్ల అమ్మ పోయింది తెల్లవారుజామున. నాకు ఫోన్ వచ్చేసరికి పొద్దెక్కింది. ఆలోపు నేను పచ్చిపులుసు పోసుకుని ఒక పూట అన్నం తినేశాను. ఆ దినాన్ని మొదటి దినంగా లెక్కవేసుకున్నాను. అది సగమే.

నేను ఇంకా కూర్చోవాల్సినవి నాలుగున్నర దినాలు.